ఎడమ వాటపు కత్తి

ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కట్ట దిగి ఊళ్లోకి వచ్చేవాళ్లకు మనుషుల కంటే ముందు కమ్మరి దశరథ కొలిమి చప్పుడు ఎదురయ్యేది. ఒకప్పుడు అది జంట చప్పుడు. చిన్న సుత్తి టింగుమని చోటు చూపిస్తే, పెద్ద సమ్మెట ధన్‌మని అక్కడే పడేది. సుత్తి దశరథది, సమ్మెట ఆయన బామ్మర్ది గోపయ్యది. పంతొమ్మిదివందల నలభై ఎనిమిది వానాకాలం తర్వాత ఆ కొలిమిలో సుత్తి ఒక్కటే మిగిలింది. ఒంటి సుత్తి చప్పుడు వినడానికి బాగుండదు. ఎవడో తలుపు కొడుతూ ఉంటే లోపలినుంచి ఎవరూ పలకనట్టు ఉంటుంది.

కొలిమికి వచ్చిన రైతులు దాగలి వంక చూసి నవ్వేవాళ్లు. కాలిన ఇనుమును దేని మీద పెట్టి కొడతారో ఆ దిమ్మే దాగలి. అది అన్ని కొలుముల్లో ఉన్నట్టు కాకుండా ఇక్కడ పక్కకు తిరిగి ఉండేది. గోపయ్యది ఎడమ చేతివాటం. వాడి సమ్మెట ఎడమ భుజం మీదుగా లేచి దిగేది. అందుకని వాడు సమ్మెట పట్టిన ఏడు దశరథ దాగలిని పెకిలించి వాడి వాటానికి తిప్పి పాతాడు.

"ఇప్పుడు వాడు లేడు గద దశరథన్నా, సక్కగ తిప్పుకోరాదు?" అని ఎవరైనా అంటే, "ఉండనీ తియ్యి, దానికేం నొస్తుందా?" అనేవాడు. నొప్పి ఆయన నడుముకు. అడ్డం తిరిగిన దాగలి దగ్గర కుడిచేతివాడు వంగి వంగి పని చేస్తే సాయంత్రానికి నడుము పట్టేస్తుంది.

గోపయ్య ఆ ఇంటికి అక్క వెంట వచ్చాడు. తల్లీతండ్రీ లేని పిల్లాడని దశరథ భార్య నర్సింహమ్మ కాపురానికి వస్తూ వాణ్ని కూడా తెచ్చుకుంది. ఆమె కొలిమికి తోలుతిత్తి ఊదేది. మొగుడు కాల్చేవాడు, తమ్ముడు కొట్టేవాడు. ఆ ముగ్గురిలో ఒకరు కదిలితే మిగతా ఇద్దరి చేతులు వాటంతట అవే కదిలేవి. కలరా గత్తర వచ్చిన ఏడు ఆమె పోయింది. తర్వాత ఇద్దరు మగవాళ్లు ఒకే పొయ్యి మీద వండుకుని, ఉప్పు ఎక్కువైందని ఒకణ్నొకడు తిట్టుకుంటూ బతికారు.

లోహం విషయంలో దశరథకు పట్టింపు ఎక్కువ. రైతుల దృష్టిలో నల్లగా బరువుగా ఉన్నదంతా ఇనుమే. దశరథ అలా అనుకునేవాడు కాదు. ముక్క చేతికి రాగానే ముందు రాతి మీద పడేసి వినేవాడు. మెత్తని ఇనుము మొద్దుగా పలుకుతుంది, ఉక్కు గంటలా సాగదీసి పలుకుతుంది. తర్వాత సానకు ఆనించి రవ్వలు చూసేవాడు. ఇనుము రవ్వలు గీతల్లా పారిపోతాయి, ఉక్కు రవ్వలు కొసన పువ్వుల్లా చిట్లుతాయి. అప్పటికీ నమ్మకం కుదరకపోతే అంచు విరిచి లోపలి పలుకు చూసేవాడు. జొన్నరవ్వలా ముతకగా ఉంటే పక్కన పెట్టేవాడు. బూడిదలా సన్నగా ఉంటే కళ్లకు దగ్గరగా పెట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయేవాడు.

మంచి కత్తికి రెండు లోహాలు కావాలి. వీపుకు బండిచక్రం పట్టాలాంటి మెత్తని ఇనుము, అంచుకు గట్టి ఉక్కు. ఉత్త ఇనుమైతే వంగుతుంది, ఉత్త ఉక్కైతే విరుగుతుంది. ఇనుమును చీల్చి మధ్యలో ఉక్కు నాలుకను పెట్టి, రెండూ తెల్లగా కాలి రవ్వలు రాలుతున్న క్షణంలో కొడితేనే అతుకుతాయి. ఊపిరి తీసి వదిలేలోపు పని అయిపోవాలి. ఒకడు పట్టుకారుతో పట్టాలి, ఇంకొకడు సమ్మెట వేయాలి. ఒంటరివాడి చేత అయ్యే పని కాదది.

నిజాం రజాకార్ల రోజుల్లో గోపయ్య గుట్టల దిక్కున, వాళ్ల మీద తిరగబడ్డ కమ్యూనిస్టు సంగపోళ్లతో తిరగడం మొదలుపెట్టాడు. రాత్రి పోయి పొద్దున వచ్చి సమ్మెట పట్టేవాడు. ఒకరోజు కొలిమి దగ్గర చల్లగా అన్నాడు.

"బావా, నాకో కత్తి చేసియ్యి."

"ఏం కోస్తవ్ రా? ఉల్లిగడ్డలు కొయ్యమంటేనే ఏడుస్తవ్."

"ఈసారి ఏడిసేది నేను కాదు."

"మాటలు మస్తు నేర్సినవ్. గుట్టల మీద గివే నేర్పుతున్నరా?"

"కత్తి చేస్తవా, చెయ్యవా?"

"చేస్త తియ్యి. బామ్మర్దివైతివి, తప్పుతదా."

కత్తి చేతికి వచ్చిన రోజున వాడు వెళ్లిపోతాడని దశరథకు తెలుసు. వెళ్తే ఈ ఇంట్లో తనను బావా అని పిలిచేవాళ్లు ఉండరు. ఉక్కు కోసం పాత గడ్డపార కొస తీశాడు. నికార్సయిన ముక్క. కొలిమిలో పెట్టి, కావాలనే మరిచిపోయినట్టు తిత్తి ఊదుతూ కూర్చున్నాడు. అతిగా కాలిన ఉక్కు సుత్తి దెబ్బకు బెల్లంగడ్డలా పొడిపొడిగా రాలింది. "చచ్చిన ఉక్కు రా ఇది. ఇంకోటి ఎతుకుదాం" అన్నాడు తల ఎత్తకుండా.

గోపయ్య ఎక్కడినుంచో రైలుపట్టా ముక్క మోసుకొచ్చాడు. దశరథ దాన్ని రాతి మీద వేసి విన్నాడు, సానకు పెట్టాడు, తల అడ్డంగా ఊపాడు. "లోపల గాలిబుగ్గలున్నయ్. పాణం మీదికొచ్చినప్పుడు ఇరుగుతది. వద్దు." ఆ ముక్కలో బుగ్గ కాదు కదా, సూదిమొన పట్టేంత లోపం కూడా లేదు. గోపయ్య నమ్మి ఊరుకున్నాడు. లోహం విషయంలో బావ అబద్ధమాడతాడని వాడికి తోచలేదు. వేరే ఏ విషయంలోనైనా తోచేదేమో.

కొన్నాళ్లకు చెరువుగట్టున చేపలమ్మే బాలనర్సమ్మ కొత్త కత్తితో కొర్రమట్టలను పరపరా కోస్తుంటే వాడు నిలబడిపోయాడు.

"గిదెక్కడిది అత్తా?"

"మీ బావ చేసిచ్చిండు రా. రైలుపట్టా ఉక్కంట. మొగడు లేనిదాన్నని జర మంచిగ చేసిండు. చూడు, ముల్లు సుత ఆగుతలేదు."

గోపయ్య ఇంటికి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం తినలేదు. మర్నాడు వాన పడుతున్న మధ్యాహ్నం, ఎక్కడో సంపాదించిన పెద్ద ఆకురాయి తెచ్చి దాగలి మీద పెట్టాడు. ఇనుమును అరగదీసే ఆకురాయి కంటే గట్టి ఉక్కు ఊళ్లో ఇంకేం దొరుకుతుంది?

"దీనికేం రోగం బావా? ముందే చెప్పు."

దశరథకు మొహం చెల్లలేదు. "ఏం లేదు. మంచి ఉక్కే" అన్నాడు.

"తుర్కయాంజాల్ దాకొచ్చిన్రు రజాకార్లు. రేపు మనూరే. పొద్దుగూకక ముందే నేను పోవాలె. గిప్పుడే చెయ్యి."

ఇద్దరూ పనిలోకి దిగారు. ఆకురాయికి ఇనుప వీపు అతికే తీరిక లేదు. ఒక్క ఉక్కుతోనే కత్తి అలుగు సాగదీశారు. సమ్మెట ఎడమవైపునుంచి లేచి పడుతుంటే ఇద్దరూ కాసేపు జరుగుతున్నది మరిచిపోయారు. చివరికి నీళ్లు పట్టే పని వచ్చింది. ఆకురాయి ఉక్కును కాల్చాక నూనెలో ముంచాలి. నీళ్లలో ముంచితే జడుసుకుని పగులుతుంది. కానుగనూనె ముంత తీసి చూస్తే అడుగున జిడ్డు తప్ప ఏమీ లేదు. ఊళ్లో నూనె దొరికి నెలలవుతోంది. దశరథ మోదుగుపువ్వు రంగుకు వచ్చిన అలుగును తొట్టి నీళ్లలోకి దించాడు.

నీళ్లు బుసకొట్టాయి. ఆ బుసలో ఎక్కడో 'చిట్' అన్న సన్నని శబ్దం. గోరు విరిగినంత. గోపయ్య వినలేదు. దశరథ విన్నాడు.

తీసి గీకి చూశాడు. పైకి ఏమీ కనిపించలేదు. వేలితో మీటాడు. గంట పలకలేదు, పగిలిన కుండ పలికింది.

"గోపీ, పగులొచ్చింది రా. ఒక్క రోజు ఆగు. ఇంకోటి చేస్త."

గోపయ్య నవ్వాడు. కోపంగా కూడా కాదు, చిన్నపిల్లాణ్ని చూసి నవ్వినట్టు. "చచ్చిన ఉక్కు. గాలిబుగ్గలు. ఇప్పుడు పగులు. ఇంకెన్ని రోగాలున్నయ్ బావా నీకాడ?"

"నీ అక్క మీద ఒట్టు రా. నిజంగనే పగిలింది."

"ఉన్నన్నాళ్లు పని చేస్తది. తే."

మళ్లీ సన్నగా కాచి, గడ్డి రంగు తేలేదాకా చూసి, పిడి తొడిగి, సాన పట్టాడు దశరథ. అంచును ఎడమచేతివాడికి అనువుగా ఒకవైపు వాలుగా తీశాడు. కత్తిని చేతికి ఇవ్వకూడదు, ఇస్తే పగ వస్తుందంటారు. నేల మీద పెట్టాడు. గోపయ్య వంగి తీసుకుని గోచిలో దోపుకుని, వానలోనే కట్ట మీదుగా గుట్టల దిక్కు నడిచాడు. వెనక్కు చూడలేదు. నిజం చెప్పిన రోజున నమ్మించుకోలేకపోయిన మనిషి గడపలో నిలబడి, చేతిలో పట్టుకారు కిందపెట్టడం మరిచిపోయాడు.

సెప్టెంబరులో పోలీసుచర్య జరిగింది. రజాకార్లు చెల్లాచెదరయ్యారు. మిలిట్రీ లారీలు రోడ్డున వస్తే జనం ఎదురుపోయి పూలు చల్లారు. ఆ పూలు వాడకముందే అవే లారీలు సంగపోళ్ల కోసం గుట్టల వైపు తిరిగాయి. గెలిచింది ఎవరో ఊరికి అర్థం కావడానికి కొంతకాలం పట్టింది. ఊరి బయటి బంగళాలో క్యాంపు పడింది. గుట్టల్లో బంధువులున్నవాళ్లు ఆ బంధుత్వాలను మరిచిపోవడం నేర్చుకున్నారు. దశరథకు బామ్మర్ది ఉన్నాడన్న సంగతి ఊరంతా కలిసి మరిచిపోయింది. అది దయో భయమో చెప్పలేం.

దశరథ పని కుంచించుకుపోయింది. రెండు లోహాలు అతకలేడు. గొడ్డళ్లకు ఉక్కు పెట్టమని వచ్చినవాళ్లను నాదర్‌గుల్ కమ్మరి దగ్గరికి పంపేవాడు. బొంగులూరు దగ్గర మిలిట్రీ లారీ కమాను పట్టీ విరిగితే, పారేసిన ముక్క తెచ్చుకుని చిన్న చిన్న కత్తులు మాత్రం చేసేవాడు. కమాను పట్టీ మంచి లోహం. అంత గట్టిదీ కాదు, అంత మెత్తదీ కాదు, ఒంటి చేతికి లొంగుతుంది. "ఇది దొరికుంటే అప్పుడు" అనుకునేవాడు ప్రతిసారీ. కొలిమి ఊదుతూ ఉండగా ఆ పగులు ఆయన కళ్లముందుకు వచ్చేది. ఏ వైపు మొదలై ఎంత లోతు పోయి ఉంటుంది? ఎంత దెబ్బకు విరుగుతుంది? ఎవరి ఎదురుగా విరుగుతుంది? నూనెముంతను మాత్రం ఎప్పుడూ నిండుగా ఉంచేవాడు. దేనికీ వాడేవాడు కాదు.

మరుసటి ఎండాకాలం మొదట్లో తిత్తి తోలు చినిగితే మాదిగవాడ సీమోను కుట్టడానికి వచ్చాడు. ఆయన కుట్టిన తోలు లోపల కొలిమికి ఊపిరి పోస్తుంది, ఆయన మాత్రం పందిరి బయట ఎండలో కూర్చుని కుట్టాలి. ఈ ఊళ్లో దాన్ని ఎవరూ వింతగా అనుకోరు. దశరథ కూడా అనుకోలేదు.

సీమోను సూది ఆపకుండా, గొంతు తగ్గించి అన్నాడు. "దశరథా, రేపు క్యాంపుల పని పడ్తది నీకు. పట్టుకొచ్చిన కత్తులు, బరిసెలు కుప్పబోసిన్రు. పనిముట్లేవో ఆయుధాలేవో ఏరాల్నంట. ఆయుధాలు ఇరగ్గొట్టాలె."

"నువ్వెట్ల చూసినవ్?"

"మోసింది నేనే గద. రాచకొండ గుట్టల కెల్లి ఒక సంచి నా నెత్తి మీదనే వచ్చింది. అక్కడ ఒక గుహల దొరికినయ్."

"మనుషులు?"

"ఎవ్వరు లేరు. పొయ్యిల బూడిద సల్లగున్నది." సీమోను దారం కొరికాడు. "అంతకంటె నాకు ఎరుక లేదు. నువ్వు సుత అడగకు. అక్కడైతే అస్సలుకే అడగకు."

మర్నాడు బంగళా ముందు చింతచెట్టు కింద దశరథను కూర్చోబెట్టారు. పక్కన కుప్ప. ఎదురుగా క్యాంపు పెద్ద జమేదారు కుర్చీలో. ఇవతల సోదాల్లో పట్టుకుపోయిన తమ కొడవళ్లు, కత్తిపీటలు అడగడానికి వచ్చిన ఆడవాళ్ల వరుస. వంటశాలకు చేపలు తెచ్చిన బాలనర్సమ్మ కూడా గంప దించి వరుసలో నిలబడింది. ఆమె కత్తి కూడా ఆ కుప్పలోనే పోయింది.

దశరథ ఒక్కొక్కటి తీసి చెబుతున్నాడు. కొడవలి, పనిముట్టు. బరిసె, ఆయుధం. ఆయుధమన్నదాన్ని రాతి మీద పెట్టి సమ్మెటతో కొడుతున్నాడు. కొన్ని ఆయన చేసినవే. తన చేతి పని తన చేతనే విరుగుతుంటే మొహంలో ఏమీ కనిపించకుండా చూసుకుంటున్నాడు.

అంతలో మొండి కత్తి ఒకటి చేతికి వచ్చింది. తాడు చుట్టిన పిడి. సగానికి విరిగిన అలుగు. దాని పక్కల మీద ఆకురాయి పళ్ల గరుకు ఇంకా అక్కడక్కడా మిగిలి ఉంది.

చెయ్యి ఆగింది. వీపు వైపు విరిగిన ముఖం కొంచెం అలాగే ఉంది. పాత పగులు పడిన మేరకు నల్లటి మచ్చ, దాని పక్కన మెరిసే సన్నని పలుకు. ఆయన విన్న 'చిట్' అన్న శబ్దం అదిగో, కళ్లకు కనిపిస్తోంది.

తర్వాత రెండోది చూశాడు. విరిగిన చోట అంచువైపు ఎవరో రాతి మీద అరగదీసి కొత్త మొన తీశారు. ఒక్కరోజులో తీసిన మొన కాదది. మళ్లీ మళ్లీ నూరారు. అంచు వేలెడు వెడల్పు తరిగిపోయింది. వాలు ఎడమవైపే ఉంది. అంటే కత్తి విరిగింది, మనిషి మిగిలాడు. విరిగిన తర్వాత ఎన్నో రోజులు కూర్చుని దీన్ని నూరుకున్నాడు.

"ఏ క్యా హై?" అన్నాడు జమేదారు.

ఆయుధమంటే విరగ్గొట్టాలి. ఎవరిదని అడిగితే నీకేం అవుతాడని అడుగుతారు. లోహం గురించి రెండుసార్లు ఆడిన అబద్ధం దశరథకు ఏం మిగిల్చిందో తెలుసు. మూడోది నోట్లోంచి దానంతట అదే వచ్చింది.

"చేపల కత్తి సర్కార్. కొస ఇరిగింది."

"చేపల కత్తికి ఇంత మొన దేనికి?" అని తర్జుమా చేసే జవాను ద్వారా అడిగాడు జమేదారు.

దశరథ కత్తిని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. వరుసలో బాలనర్సమ్మ ఆయన మొహం చూసింది, చేతిలోది చూసింది. కొంగు నడుముకు దోపుకుని ముందుకు వచ్చింది.

"పొట్ట చీల్చాలె గద సారూ! మొన లేకుంటే నీ తుపాకితోని చీల్చాల్నా? అది నాదే. ఎన్నొద్దుల సంది ఎతుకుతున్న. ఇటియ్యి."

జవాన్లు నవ్వారు. జమేదారు నవ్వలేదు. గంప వైపు వేలు చూపించాడు. కోసి చూపించమన్నాడు.

బాలనర్సమ్మ కొర్రమట్టను తీసి రాతి మీద పెట్టింది. ఆ అంచు ఎడమ చేతిది. కుడి చేత్తో కోస్తే పక్కకు లాగుతుంది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి చేపలు కోసిన మనిషి వంకరగా కోస్తే ఎవడు నమ్ముతాడు?

అనుకున్నట్టే అయింది. కత్తి తలకాయ దగ్గర దిగి, జారి, మొప్పల మీదుగా అడ్డంగా పోయింది. జమేదారు కుర్చీలోంచి కొంచెం ముందుకు వంగాడు. బాలనర్సమ్మ చేప వంక ఒకసారి చూసింది. చటుక్కున తిరిగి దశరథ మీద విరుచుకుపడింది.

"థూ, నీ చేతులు పడిపోను! ఎన్నిసార్లు చెప్పిన్రా కమ్మరోడా, వాటం తప్పించి సాన పట్టకు అని? దాగలే అడ్డం తిరిగినోనికి కత్తి సక్కగ ఎట్లొస్తది! అడుగున్రి సారూ, ఊరంత అడుగున్రి, వీని దాగలి అడ్డమున్నదో లేదో! చేప మొత్తం కరాబు చేసిండు. ఇగ దీన్ని ఎవడు కొంటడు?"

వరుసలో ఆడవాళ్లంతా కిసుక్కున నవ్వారు. "అవ్, అవ్, అడ్డమే ఉంటది" అని ఎవరో అన్నారు. దశరథ తల వంచుకున్నాడు. ఇన్నేళ్ల పనితనం మీద నలుగురిలో ఉమ్మితే ఆయనకు మొదటిసారి హాయిగా అనిపించింది. జమేదారు కూడా నవ్వి, ఆ చేపను వంటశాలకే పంపమని, కత్తి ఆమెకు ఇమ్మని చెయ్యి ఊపాడు.

సాయంత్రం కట్ట మీద ఆమె గంపతో వస్తుంటే దశరథ ఎదురయ్యాడు. ఇద్దరూ నీళ్ల వైపు చూస్తూ నిలబడ్డారు.

"వానిదే గద?" అంది.

"అవ్."

"బతికున్నడా?"

"ఇరిగినంక సుత బతికిండు. గంతవరకే చెప్తున్నది కత్తి."

ఆమె కత్తిని అక్కడే ఇచ్చెయ్యబోయింది. దశరథ పుచ్చుకోలేదు. క్యాంపుకు రోజు మార్చి రోజు చేపలు పోస్తుంది. ఆ కత్తి ఆమె చేతిలో లేకపోతే జమేదారుకు మళ్లీ అనుమానం వస్తుంది. అలా గుట్టల్లో తిరిగిన కత్తి చెరువుగట్టున చేపల పొలుసు గీకడానికి చేరింది.

యాభై ఒకటిలో సంగపోళ్లు పోరాటం ఆపేశామన్నారు. జైళ్లలోంచి కొందరు వచ్చారు, గుట్టల్లోంచి కొందరు వచ్చారు. గోపయ్య వాళ్లలో లేడు. చచ్చాడని చెప్పినవాడూ లేడు, చూశానని చెప్పినవాడూ లేడు. ఆ రోజుల గురించి మాట్లాడేవాళ్లు ఎన్ని తుపాకులు దొరికాయో లెక్క చెబుతారు. దొరకని మనుషుల లెక్క వాళ్లవాళ్ల ఇళ్లలోనే ఉండిపోయింది.

క్యాంపు ఎత్తేశాక కూడా బాలనర్సమ్మ కత్తిని పదునుకు తెచ్చేది. తెచ్చిన ప్రతిసారీ తిట్టేది.

"ఇగ మిలిట్రోళ్లు లేరు గద. జర వాటం మార్చరాదు? నా చెయ్యి గుంజుతున్నది."

"మార్చరాదు."

"ఎందుకు రాదు? ఇంత ఇనుముతోని కొట్లాడేటోనివి, గీ అంచు మార్చనీకి రాదా?"

అంచు మార్చాలంటే రెండో వైపు నూరాలి. నూరితే గోపయ్య రాతి మీద తీసిన వాలు పోతుంది. అది ఎలాగూ పోతోంది. పదును పెట్టినప్పుడల్లా గడ్డిపరకంత తరుగుతూనే ఉంది. దశరథ సానను మెల్లగా, రైతుల కత్తులకు తిప్పేదానికంటే చాలా మెల్లగా తిప్పేవాడు. రవ్వలు కొసన పువ్వుల్లా చిట్లి ఆరిపోతుంటే చూసేవాడు. ఆకురాయి ఉక్కు రవ్వలు అన్నిటికంటే గుబురుగా పూస్తాయి.

ఒకనాడు చెరువుగట్టున పోతూ ఆయన ఆగాడు. బాలనర్సమ్మ కత్తిని ఎడమ చేత్తో పట్టుకుని, నాలుక పళ్ల మధ్య బిగించి, చిన్న చేపను తిప్పలుపడి కోస్తోంది. కోత చక్కగా రాలేదు. ఆయన్ని చూసి మొహం చిట్లించింది.

"ఏం చూస్తున్నవ్? నువ్వెట్లనో మార్చవు. వాడొచ్చినంక వాని కత్తి వానికి పారేస్త. అప్పటిదంక ఈ ఏడుపు నాకు తప్పదు."

దశరథ కొలిమికి వచ్చి, అడ్డంగా ఉన్న దాగలి ముందు కూర్చుని, నూనెముంత మూత తీసి చూశాడు. నిండుగానే ఉంది. మూత పెట్టి, కమాను పట్టీ ముక్కను నిప్పుల్లోకి తోసి, ఒక చేత్తో తిత్తి ఊదడం మొదలుపెట్టాడు.